రాదని చెప్పే నోరు

"అవకాశం ఉంది" అని రాసి చేతులు దులుపుకున్న పెద్దమనుషుల్లారా, మిమ్మల్నే. వాన వస్తుందో రాదో మీకు తెలియక కాదు. తెలిసే రాశారు. వస్తే "చెప్పామా లేదా" అని మీసం మెలేయొచ్చు. రాకపోతే "అవకాశం అన్నాం గానీ వస్తుందన్నామా" అని జారుకోవచ్చు. ఎటుపోయినా మీ మీద చుక్క పడదు. మీరు తడవకుండా నిలబడ్డ రోజున ఒక ఇంటిమీద పెంకులు లేవు. ఆ ఇంట్లో మంచంమీద ఒక ముసలాయన ఉన్నాడు. ఆ సంగతి మీరు అడగలేదు, మీకెవరూ చెప్పలేదు. ఇప్పుడు వినండి.

వానాకాలం మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. చలి ఇంకా దారిలోనే ఉంది. మధ్యలో పడ్డ ఈ రోజులకి పేరూ లేదు, ఊరూ లేదు. పొద్దున లేస్తే ఆకాశం తోమి బోర్లించిన సత్తుగిన్నె. సాయంత్రం చూసినా అదే గిన్నె. ఎండ లేదు, వాన లేదు, గాలి అసలే లేదు. మేడలమీద ఆరేసిన బట్టలు వేలాడుతున్నాయే తప్ప ఊగడం లేదు.

పళ్ళ డాక్టరు ఆస్పత్రి మేడమీద వాతావరణ మిత్రమండలి సమావేశమైంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని గాలిమండలి అంటారు. వానని కొలిచే గాజుగొట్టం, గాలి దిక్కు చూపే బాణం, ఒక పాత బారోమీటరు వాళ్ళ ఆస్తి. అధ్యక్షుడు డాక్టరే. రోజూ డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చేది సిటీబస్సు డ్రైవరు. మూడో మనిషి మబ్బక్క. లారీల స్టాండు వెనక రేకుల షెడ్డులో టార్పాలిన్ పట్టాలు కుడుతుంది. నడుస్తూ నడుస్తూ పైకి చూసి మురుక్కాలవలో కాలేసిన రోజున వదిన పెట్టిన పేరది. ఊరంతా దాన్నే ఖాయం చేసింది.

"గొట్టంలో సాలీడు గూడు కట్టిందయ్యా!" డాక్టరు వానగొట్టాన్ని వెలుగుకి ఎత్తి చూపించాడు.

"మనకంటే అది నయం డాక్టరుగారూ. తేల్చుకుని కాపురం పెట్టింది," అన్నాడు డ్రైవరు. పిట్టగోడమీద కూర్చుని ఆకాశంలోకి చూశాడు. "ఇదేం ఆకాశం? ఆఖరి బస్సు వెళ్ళిపోయాక బస్టాండులా ఉంది."

మబ్బక్క నవ్వుతూ బాణాన్ని వేలితో నెట్టింది. అది చుట్టూ తిరిగి, ఎవరూ పిలవలేదు గదా అన్నట్టు ఆగిపోయింది.

డాక్టరుకి మాత్రం నవ్వు రాలేదు. గాలివాన రోజుల్లో ఊళ్ళో సగంమంది ఫోన్లలో గాలిమండలి గ్రూపే. ఆయన కుర్చీలో కూర్చుని నోరు తెరిచిన ప్రతివాడూ ముందు తుపాను సంగతి అడిగి, ఆ తర్వాత పన్ను సంగతి చెప్పేవాడు. ఇప్పుడు రోజూ "పొడి వాతావరణం, మార్పు లేదు" అని పెడుతుంటే జనం ఒక్కొక్కరే గ్రూపులోంచి జారిపోతున్నారు. పొద్దున ఆయన బావమరిదే జారిపోయాడు.

"ఇలా లాభం లేదు," అంటూ డాక్టరు ఫోను తీశాడు. రాస్తూ పైకే చదివాడు. "రానున్న రెండు మూడు రోజుల్లో ఉరుములు, మెరుపులతో భారీ వర్షాలకు అవకాశం ఉంది. ప్రజలు అప్రమత్తంగా ఉండగలరు."

"ఎక్కడుందండీ అవకాశం?" మబ్బక్క బారోమీటరు కేసి చూసింది. ముల్లు నిన్న ఎక్కడుందో అక్కడే ఉంది. మొన్నా అక్కడే.

"అవకాశం ఎప్పుడూ ఉంటుందమ్మా. లేదని నువ్వు చెప్పగలవా?"

డ్రైవరు ఫక్కున నవ్వాడు. మబ్బక్కా నవ్వింది. డాక్టరు బొటనవేలితో నొక్కి పంపేశాడు. కిందికి దిగేలోపే ఫోన్లు కిచకిచలాడాయి. అమ్మో అన్నవాళ్ళు, దండాలు పెట్టినవాళ్ళు, మీరు చల్లగా ఉండాలి సార్ అన్నవాళ్ళు. బావమరిది తిరిగొచ్చాడు.

మర్నాడు షెడ్డు తెరిచేసరికే మనుషులున్నారు. గడ్డివామి కప్పడానికొకరు, సిమెంటు బస్తాలు కప్పడానికొకరు. మబ్బక్క దబ్బనంలో మైనం పట్టించిన దారం ఎక్కించి కూర్చుంది. అరచేతికి తోలుముక్క కట్టుకుని, పట్టా అంచు మడతపెట్టి, మూలమూలకీ ఇత్తడి రింగు దిగ్గొట్టి, ఒకటి అయ్యాక ఒకటి. వాన పేరు చెబితే చాలు ఆమె మిషను పరుగెడుతుంది. వానంటే ఆమెకి ఇష్టం కూడానూ. అందులో దాపరికం లేదు.

గుంపు పలచబడ్డాక పెంకుల మేస్త్రీ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీకూ పట్టా కావాలా మేస్త్రీ?"

"నాకు కాదక్కా. మీ వదినకి." తల గోక్కున్నాడు. "కంట్రాక్టరు పని ఆపేశాడు. పొద్దున్నే మనుషుల్నీ నిచ్చెనల్నీ ట్రాక్టరులో వేసుకుని హోటలు పనికి పట్టుకుపోయాడు. నన్ను ఇంటిమీద పట్టా కప్పి రమ్మన్నాడు."

"పెంకులో?"

"పెంకులు నిన్ననే దించేశాం గదా. కుళ్ళిన వాసాలు సగం మార్చాం. ఇల్లు బోడిగా ఉంది."

దబ్బనం ఆమె చేతిలో ఆగిపోయింది. వదిన ఉండేది మిల్లు కూలీల ఇళ్ళవరసలో. వేసవి గాలివానకి ఆ వరస కప్పులన్నీ పాడయ్యాయి. వానాకాలమంతా గిన్నెలు పరిచి గడిపారు. వదిన ఆఫీసు మెట్లు ఎక్కి దిగి, దిగి ఎక్కి, నలుగురినీ వెంటేసుకుని గేటు ముందు కూర్చుంటే, ఇన్నాళ్ళకి పని మంజూరైంది. మొదటి ఇల్లు వదినదే.

"ఎందుకు ఆపాడు?"

మేస్త్రీ ఫోను తీసి చూపించాడు. డాక్టరు సందేశం. "ఇది చూపించాడక్కా. భారీ వర్షాలంట, ఇళ్ళు విప్పితే రేపు నా మెడకి చుట్టుకుంటుంది అన్నాడు. ఎప్పట్నుంచో సాకు కోసం చూస్తున్నాడు. హోటలువాడు తొందరపెడుతున్నాడు మరి. అటుపోయాడంటే మళ్ళీ చలి ముదిరాకే ఇటు రావడం."

మబ్బక్క కుట్టిన పట్టాల్లో పెద్దది భుజాన వేసుకుంది. బేరమాడుతున్న మనిషిని అలాగే వదిలేసి మేస్త్రీతో నడిచింది.

వదిన గుమ్మంలో పాత పెంకుల్ని ఏరుతోంది. పగిలినవి ఒక పక్క, బాగున్నవి ఒక పక్క. ఆడబిడ్డని చూసి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"రావమ్మా మబ్బక్కా. మీ గాలిమండలి మా ఇంటికప్పు ఎగరేసింది. గాలి లేకుండానే ఎగరేశారు చూడు, అదీ గొప్ప!"

"వదినా..."

"వదినా లేదు, వంకాయా లేదు. నువ్వక్కడే ఉన్నావా ఆయన రాసేటప్పుడు?"

"ఉన్నాను."

"ఏం చేశావు?"

"నవ్వాను."

వదిన చేతిలో పెంకుని ఎటువైపు పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, బాగున్నవాటిలో పెట్టింది.

లోపల వాసాల మధ్యనుంచి ఆకాశం కనిపిస్తోంది. దానికింద మంచంమీద వదిన నాన్న. మిల్లులో పత్తిధూళి మింగి మింగి, ఊపిరి సంచిలో రాళ్ళు పోసినట్టు మోగుతుంది ఆయనకి. చెమ్మ తగలనివ్వొద్దు, చలికాలం ముందే పొడి ఇల్లు చూసుకోండి అని నర్సమ్మ వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉంది. మంచం ఎక్కడికీ జరిపే వీలు లేదు. ఉన్నదే ఒక గది. అన్నయ్య లారీమీద దూరం పోయాడు, వచ్చేదాకా ఆడదిక్కే.

మేస్త్రీ, మబ్బక్క కలిసి పట్టా లాగారు. గది నీలంగా, చీకటిగా మారింది.

"ఎందుకే అమ్మాయీ?" ముసలాయన చెయ్యి కళ్ళకి అడ్డంపెట్టుకుని అడిగాడు. "నిన్న పెంకులు తీశాక బావుందే. నా చేతులు నాకే కనిపించాయి. ఎంత కాలమైందో."

"వానొస్తుందంట మావయ్యా."

"ఎవరన్నారు?"

మబ్బక్క తాడు ముడి మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది.

హోటలు దగ్గర కంట్రాక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మంచివాడని అనలేం, చెడ్డవాడనీ అనలేం. గాలి ఎటువీస్తే అటు తిరిగే రకం. ఆమె చెప్పింది విని, ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు.

"మీ మండలే గదమ్మా రాసింది? మీరే వానంటారు, మీరే విప్పమంటారు. ఏ నోటిని నమ్మను?"

"అది ఊరికే రాసింది."

"అయితే ఊరికే రాశామని చెప్పమను. వాన రాదని మీ డాక్టరు నోటితో అనిపించు. ఇదుగో, అందరిముందూ అంటున్నాను. రాదు అని గ్రూపులో ఒక్కమాట పడితే నా మనుషులు మీ వరసలో ఉంటారు."

చుట్టూ ఉన్న పనివాళ్ళు విన్నారు. మేస్త్రీ మరీ శ్రద్ధగా విన్నాడు. కంట్రాక్టరు కులాసాగా కాలుమీద కాలేసుకున్నాడు. అలాంటి మాట ఎవడూ అనడని అతనికి తెలుసు.

ఆస్పత్రిలో డాక్టరు ఎవరిదో దవడపన్ను తొలుస్తున్నాడు. మబ్బక్క తలుపు తోసుకునే వెళ్ళింది.

"డాక్టరుగారూ, వాన రాదని గ్రూపులో పెట్టండి."

మిషను ఆగింది. కుర్చీలో మనిషి నోరు తెరుచుకునే ఆమె వైపు కళ్ళు తిప్పాడు.

"ఏమైందమ్మా?"

చెప్పింది. డాక్టరు మొహం నిజంగానే చిన్నబోయింది. రాయి వేసే మనిషి కాదు ఆయన. రాయి ఎక్కడ పడుతుందో చూడని మనిషి.

"అయ్యయ్యో. కానీ నేను వస్తుందన్లేదే. అవకాశం..."

"అవకాశం మాట నాకెందుకండీ. మీకేం అనిపిస్తోంది? ఈ నాలుగు రోజుల్లో చుక్క పడుతుందా?"

డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. ముల్లు ఎక్కడుందో ఆమెకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. పొగ నిటారుగా లేస్తోంది. మబ్బు దుప్పటి పరిచినట్టు సమంగా ఉంది. దానికింద చినుకు పుట్టించే సత్తా ఏదీ లేదు.

"పడకపోవచ్చు," అన్నాడు.

"అదే పెట్టండి. పడదని."

"పడదని ఎలా అంటాను? మన శాస్త్రంలో ఆ మాట లేదు. ఒకవేళ పడితే? ఊళ్ళో తల ఎత్తుకోగలనా? వస్తుందని చెప్పి రాకపోతే ఎవడూ అడగడమ్మా. రాదని చెప్పి వస్తే బతకనివ్వరు."

"వస్తుందని చెప్పారు కాబట్టే మావయ్య నెత్తిమీద కప్పు లేదండీ. ఆయన వచ్చి మిమ్మల్ని అడగలేడు. అందుకే మీకు ఎవడూ అడగనట్టుంది."

"ఆఁ... ఆఁ..." అంది కుర్చీలో తెరిచి ఉన్న నోరు. నొప్పికో, ఒప్పుకోలుకో తెలియలేదు. డాక్టరు మళ్ళీ మిషను అందుకున్నాడు.

మబ్బక్క ఆస్పత్రి మెట్లమీద కూర్చుంది. పొద్దున కుట్టిన కుట్లకి వేళ్ళు ఇంకా మండుతున్నాయి. ఆకాశం ఏ మాటా చెప్పడం లేదు. తర్వాత ఫోను నోటిదగ్గర పెట్టుకుని గట్టిగా మాట్లాడింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

"పట్టాలు కుట్టే మబ్బక్కని మాట్లాడుతున్నా. రేపు వాన రాదు. ఎల్లుండి రాదు. ఆవలెల్లుండీ రాదు. పనులు ఆపుకోకండి. పట్టాలు కొనుక్కున్నవాళ్ళు తిరిగి తెచ్చివ్వండి, తీసుకుంటాను. వానొస్తే నన్నడగండి. షెడ్డు ఎక్కడో అందరికీ తెలుసు."

వదిలింది. కిచకిచలు మొదలయ్యాయి. ఎవరీవిడ అన్నారు. డాక్టరుకి తెలియనిది ఈవిడకి తెలుసా అన్నారు. ఒకాయన గొడుగు బొమ్మ పెట్టి పళ్ళికిలించాడు. సొంత షెడ్డుకే మన్ను కొట్టుకుంటోంది పాపం అని ఇంకొకరు. వీటన్నిటి కిందా డ్రైవరు మాట వచ్చింది. బస్సు ఆపుకుని పెట్టినట్టున్నాడు. "అక్క మాటే నా మాట. రాదు."

ఆమె హోటలు దగ్గరికి తిరిగొచ్చేసరికి కంట్రాక్టరు ఆ మాట విని, మళ్ళీ విని, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"నేనడిగింది డాక్టరుని."

"రాదని గ్రూపులో మాట పడితే అన్నారు సార్," మేస్త్రీ అందుకున్నాడు. చేతిలో తాపీ అప్పటికే కడిగేసి ఉంది. "మేమందరం విన్నాం. మాట పడింది గదా."

పనివాళ్ళు ఒకరొకరే నిచ్చెనల దగ్గరికి నడిచారు. కంట్రాక్టరు వాళ్ళ వీపులు చూశాడు, మబ్బక్కని చూశాడు.

"వానొస్తే నీ పేరే చెబుతాను."

"నా పేరే చెప్పు. ఇంకెవరి పేరూ చెప్పకు."

పట్టా విప్పేశారు. కుళ్ళిన వాసాలు దించితే లోపలంతా పొడిపొడిగా రాలాయి. కొత్తవి ఎక్కించి, అడ్డబద్దలు కొట్టి, కిందినుంచి పైకి వరసవరసగా పెంకులు పేర్చడం మొదలైంది. వదిన, వరసలో ఆడవాళ్ళు చేతులు మార్చుకుంటూ పెంకులు అందించారు. మబ్బక్క షెడ్డుకి పోలేదు. తిరిగొచ్చిన పట్టాలు అక్కడే గుట్టపడ్డాయి.

ఆకాశాన్ని ఆమె ఇన్నేళ్ళూ చూసిన చూపు వేరు. ఏదో ఒకటి కావాలి, ఉరమాలి, విరగాలి, రాత్రికి రాత్రి గొట్టం నిండాలి. ఆ రోజుల్లో చూసిన చూపు వేరు. నిద్రపోతున్న పసిబిడ్డ పక్కన తల్లి చూసినట్టు చూసింది. లేవకు నాన్నా, ఇంకాసేపు. పెంకు అందుకున్నప్పుడల్లా పైకోసారి చూసేది. గిన్నె అలాగే బోర్లించి ఉండేది. నీ దయ, అనుకునేది. ఏమీ చెయ్యనందుకు ఎవరికైనా దండం పెట్టుకుందామని ఆమెకి పుట్టి బుద్ధెరిగాక అనిపించడం అదే మొదలు.

ఒక మధ్యాహ్నం పడమటివైపు నల్లబడింది. పెంకులు సగం కప్పుదాకే వచ్చాయి. చేతుల వరస దానంతట అదే ఆగిపోయింది. పైనున్న మేస్త్రీ, కిందున్న వదిన, గోడలమీది పిల్లలు, అందరూ మబ్బక్క వైపే తిరిగారు. కంట్రాక్టరు ఫోను మోగుతూనే ఉంది. అవకాశం అనే మాట పెదవులదాకా వచ్చింది. ఎంత తేలికైన మాటో అప్పుడు తెలిసింది.

అప్పుడే సందు చివర సిటీబస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. ఒళ్ళో బారోమీటరు. ఆస్పత్రి మేడమీంచి ఊడబీక్కొచ్చాడు.

"ముల్లు కదల్లేదక్కా! మొండిది, కదల్లేదు!"

బస్సులో జనం తిట్టారు. ఆయన హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

"పెంకులు అందుకోండి," అంది మబ్బక్క. "ఏం చూస్తారు? మబ్బుని చూళ్ళేదా ఎప్పుడూ?"

"నీ మొహం చూస్తున్నామే. మబ్బుకంటే నల్లగా ఉంది," అంది వదిన. నవ్వులు లేచాయి. పెంకు కదిలింది. ఆ నలుపు అలాగే పక్కకి జరిగి, పలచబడి, ఎప్పటి గిన్నెలో కలిసిపోయింది. ఒక్క చుక్క రాల్లేదు. మబ్బక్క గోడవారకి పోయి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుని వచ్చింది.

ఆ ఇంటికి కొప్పు పెంకులు పెట్టిన సాయంత్రం డ్రైవరు కూడా చొక్కా విప్పి సున్నం అందించాడు. ముసలాయన మంచానికి నేరుగా పైన, కప్పులో మేస్త్రీ ఒక గాజుపెంకు వేశాడు. వెలుగు కిందికి చాపలా పడింది. ఆయన అందులో చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మంచి రోజులమ్మా ఇవి," అన్నాడు. "అడిగింది అడిగినట్టు ఇచ్చాయి."

వదిన ఆడబిడ్డ చేతులు పట్టుకుంది. తోలుముక్క లేని చోట పెంకులు కోసిన గీతలున్నాయి. వాటిమీద నూనె రాసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అంతకుముందు ఎరగరు.

బయట డాక్టరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. తెల్లబూట్ల చుట్టూ పెంకుల పొడి. కప్పుకేసి చూసి, ఆమెకి చేతులు జోడించాడు.

"నీ ధైర్యానికి దండం పెట్టాలమ్మా."

మబ్బక్క ఆయన జోడించిన చేతుల్ని చూసింది. పక్కింటి ముందు మేస్త్రీ నిచ్చెన ఆనించి, మొదటి మెట్టుమీద కాలు పెట్టి ఆగాడు. వెనక కంట్రాక్టరు ఫోను పట్టుకుని ఉన్నాడు. రేపటి మాట ఇంకా ఎవరూ చెప్పలేదు.

"దండం నాకెందుకండీ. ఈ ఇల్లయింది, వరసంతా ఉంది. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే చెప్పాను. రోజూ నేనొక్కదాన్నే ఎన్నాళ్ళు చెప్పను? నాకు తెలిసింది మీకూ తెలుసు. రేపు వాన వస్తుందనుకుంటే వస్తుందనండి, పెంకులు దించరు. రాదనుకుంటే రాదనండి. తప్పయితే వచ్చి నాతోపాటు పట్టా కొస పట్టుకోండి, కుట్టినవి షెడ్డునిండా ఉన్నాయి. అవకాశం మాత్రం అనొద్దు. ఫోను తియ్యండి డాక్టరుగారూ. మీ పేరు ముందు చెప్పి, తర్వాత మాట చెప్పండి. ఇప్పుడే చెప్పండి. పక్కింటివాళ్ళు సామాను బయటపెట్టుకుని కూర్చున్నారు."